వరమ్మగారి మాట ఫ్రెంచిలో

పుదుచ్చేరి

అమ్మమ్మకు ప్రీతి వ్రాయునది, వందనాలు. ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. ఫ్రెంచి క్లాసులో, జరగాల్సి ఉండీ జరగని పనుల గురించి ఎలా చెప్పాలో నేర్పారు. సహాయక్రియ రూపం మార్చి, దాని పక్కన అసలు పనిని చేర్చాలి. అందరూ తడబడ్డారు. నేను లేచి, నువ్వు రోజూ అనే మాటే ఫ్రెంచిలో చెప్పాను: "ఆ ఏడు కొల్లేరు పొంగకపోతే నేను నర్సు ట్రైనింగుకి వెళ్లి ఉండేదాన్ని." ఒక్క తప్పూ రాలేదు. ఎవరి మాట అది అని మేడమ్ అడిగారు. "మా అమ్మమ్మ వరమ్మగారిది. ఆవిడ నర్సయి ఉంటే సగం మండవల్లి ఆవిడ చేతుల్లోనే పుట్టి ఉండేది" అన్నాను, అదీ ఫ్రెంచిలోనే. అప్పట్నుంచి క్లాసులో నా పేరు మారిపోయింది.

నెల్సన్ మావయ్య ఇటు వస్తే ఎండురొయ్యలు పంపు. మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానకు.

ఇట్లు,
వరమ్మగారి మనవరాలు