కోడలి నడుము మీద నా కాలు

మిషన్ ఆసుపత్రి నర్సమ్మ ఏసుమణిగారికి, జీవమ్మ అత్త వందనాలు చేసి రాసుకునేది.

బుధవారం మీరు వచ్చినప్పుడు మా కోడలు జీవమ్మ నడుము మళ్ళీ బిగుసుకుపోయి ఉంది. "చెప్పినట్టు చేయకుండా బరువులెత్తినావా? ఇంక నేను రాను" అని కోప్పడిపోయినారు. అది బరువేమీ ఎత్తలేదమ్మా. వేడినీళ్ళ గుడ్డ వేసుకుని, మోకాళ్ళు మెల్లగా ఎదకు మడుచుకుని, మీరు నేర్పినవన్నీ చేసింది. లేచి పొయ్యి దాకా నడిచింది కూడా.

తప్పు నాది. నేను ఎదురుకాళ్ళతో, తలకన్నా కాళ్ళు ముందొచ్చి పుట్టినదాన్ని. నడుము పట్టినవాళ్ళు నాతో తన్నించుకుంటే పట్టు వదులుతుందని ఊరంతా నా దగ్గరికే వస్తారు. ఇంటి కోడలికి ఆ మేలు చేయకపోతే ఎట్లా అనుకున్నాను. మీ పద్ధతి మరీ నిదానమనిపించింది. "వద్దత్తా, నర్సమ్మ వద్దన్నాది" అంటున్నా వినలేదు. "ఏమే, నా కాలు నీకు చేదా?" అని బోర్లా పడుకోబెట్టి తన్నినాను. అది పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

నా పేరు చెప్పలేక మీ చేత మాటలు పడింది. దాని మీద కోపం పెట్టుకోవద్దు, తల్లీ. నన్ను తిట్టండి. నా కొడుకు ఏసేపు బండి కట్టుకుని వస్తాడు, రండి.

నిన్న పైవీధి మారెన్న నడుము పట్టి వచ్చి, అరుగు మీద బోర్లా పడుకుని, "తన్నవ్వా, శానా నొస్తాండాది" అన్నాడు. నాకు కాలు లేవలేదు. లోపల పడుకున్న జీవమ్మే, "వేడి గుడ్డ వెయ్యత్తా" అంది. వేసి పంపినాను. అదన్నా సరిగ్గా చేసినానో లేదో, వచ్చి చెప్పండి.