తిరిగొచ్చిన దారి

ఒరే తమ్ముడూ,

నీమీద ప్రేమ ఇంకా చావలేదు గనుక ఈ ఉత్తరం. లేకపోతే ఈపాటికి రాజీనామా ఒక్కటి రాసి ఊరుకునేవాణ్ణి.

నేను చూసే మా ఆసుపత్రి నెట్‌వర్క్‌నీ నువ్వు చూసే మీ పరీక్షల కేంద్రం నెట్‌వర్క్‌నీ కలిపినప్పటినుంచీ, మా వార్డులు ఎంత అడిగినా మీ దగ్గర్నుంచి రక్తపరీక్షల ఫలితాలు రావడం లేదు. తప్పు నా నెట్‌వర్క్‌దో నీ నెట్‌వర్క్‌దో తేల్చి, మనిద్దరిలో ఒకణ్ణే ఉంచుతానంటున్నాడు మా పాలనాధికారి. ఆయన దృష్టిలో రౌటరంటే దీపాలు మెరిసే పెట్టె. ఒకసారి ఆ దీపాలు కళ్లలో పడుతున్నాయని వాటిమీద కాగితం అంటింపించిన మహానుభావుడు. తర్వాత అవి వెలగడం లేదని నన్నే పిలిపించాడు. సరే, ఆ కథ ఇప్పుడెందుకులే.

నిన్న నన్ను నిలబెట్టే అన్నాడు: "మీ తమ్ముడే అన్నాడటండీ, మీరు తుప్పు పట్టిన గొళ్లెమట. వెయ్యడానికీ రాదు, తియ్యడానికీ రాదట."

"మావాడే అన్నాడా?"

"మీ మరదలుగారే, అంటే ఆయన భార్యే, మా ఆవిడతో చెప్పారు. ఇంట్లోవాళ్లు అబద్ధమాడతారా?"

కేబుల్ కొస ఒలవడం నీకు నేర్పింది ఈ గొళ్లెమేరా. ఏలుకో, కుర్చీ నీకే. రేపు రాజీనామా ఇస్తున్నాను. మీ వదినకు చెప్పకు.

మీ అన్నయ్య

* * *

తమ్ముడూ, నా తండ్రీ,

రాజీనామా ఇవ్వలేదు. ఆ లోపమేదో పట్టుకుని, పాలనాధికారి మొహాన కొట్టి మరీ పోదామని కూర్చున్నాను.

ఏ కబురు ఎటు పోవాలో దారి చెప్పే మా రౌటర్లది ఒక భాష, మీవాటిది ఇంకొకటి. ఇటు దారులు అటూ, అటు దారులు ఇటూ తర్జుమా చేసి చెప్పడానికి మధ్యలో ఒక దుబాసీ రౌటర్ ఉంది. రీడిస్ట్రిబ్యూషనంటే ఇంతే. మన ఘనుడు పాలనాధికారి "ఒకటి పోతే ఇంకొకటుండాలి" అని రెండోదాన్నీ పెట్టించాడు. మొదటిది మీ కేంద్రానికి దారేదో మావాళ్లకు, అంటే మా రౌటర్లకు, చెప్పింది. రెండోది ఆ మాటే మావాళ్ల నోట వింది. మావాళ్ల మాటమీదే దానికి గురి గనుక, మీ కేంద్రానికి దారి మావైపునుంచేనని మళ్లీ మీకే చాటింది. ఇక మా వార్డు అడిగినదల్లా మీ గుమ్మందాకా వచ్చి, మావైపుకే మళ్లి, గానుగెద్దులా తిరిగి తిరిగి దారిలోనే చచ్చింది.

అది చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నానురా. తుప్పు పట్టిన గొళ్లెం ఎవరి మాట? మోకాలు పట్టేసి మంచం దిగలేనప్పుడు నాగురించి నేనే మీ వదిన దగ్గర అనుకున్న మాట. ఇంటికెళ్లి మీ వదినను అడిగాను.

"అవును, మీ మరదలితో చెప్పి నవ్వుకున్నాం. అయితే ఏమిటిట?"

మరదలు ఆ అధికారి భార్యతో చెప్పింది, ఆమె మొగుడితో, ఆ మొగుడు నాతో. మధ్యలో ఎక్కడో నా పేరు రాలిపోయి నీ పేరు అతుక్కుంది.

ప్రతి దారికీ అది ఎటు పుట్టిందో గుర్తు తగిలించి, పుట్టినవైపుకు దాన్ని మళ్లీ చెప్పొద్దని రెండు దుబాసీలకూ కట్టడి చేశాను. ఫలితాలు వస్తున్నాయి. పాలనాధికారి వచ్చి దీపాలు చూసి, "ఇంతకీ తప్పెవరిది?" అన్నాడు.

"రెండోదాన్ని పెట్టించినది ఎవరండీ?"

ఆయనకు వెంటనే ఏదో సమావేశం గుర్తొచ్చింది. మనిద్దరం ఉంటున్నాం.

మోకాలు ఇంకా పట్టేసే ఉంది. ఎలా ఉందో నువ్వే వచ్చి అడుగు. ఎవరిచేతా అడిగించకు.

నీ గొళ్లెం అన్నయ్య