సినిమా మీట నొక్కితే వంటగదిలో చీకటి

సోదరుడు సుందరరావుకు,

నీ హాల్లో సినిమా మొదలైతే వంటగదిలో దీపం ఎందుకు ఆరిపోవాలి? హోమ్ థియేటర్‌ను ఇంటి లైట్లతో వైర్‌లెస్‌గా కలిపిన మెకానిక్ "ఏ లైట్లు ఆపాలి సార్?" అని అడిగితే, "అన్నీ" అన్నావట. వంటమనిషి నీకు గుర్తే రాలేదు!

నిన్న నువ్వు ఫోన్‌లో సినిమా మీట నొక్కగానే, అన్నం వారుస్తున్న బీరమ్మ కుడిచేతి మీద మరిగే గంజి పడింది. "గా స్పీకర్లు మొత్తుకుంటుంటే నా మొత్తుకోలు ఎవలకు ఇనబడ్తది అయ్యగారూ?" అని నా దగ్గర ఏడుస్తోంది. నువ్వేమో నాతో "చూసుకుని వార్చుకోవాలి కదండీ" అన్నావు. చీకట్లో ఏం చూస్తుందయ్యా? నీ పాస్టరుగా వాక్యం చేతపట్టుకుని అడుగుతున్నాను. దేవుడు ముందు వెలుగునిచ్చి, ఆ తర్వాతే మనిషిని చేశాడు. నువ్వెవరివి ఆర్పడానికి?

ఈరోజే పెద్దాసుపత్రిలో చేర్చకపోతే వేళ్లు పనికిరాకుండా పోతాయని నారాయణగూడ డాక్టరు చెప్పాడు. ఆమె కదలడం లేదు. "ఆస్పత్రిల పండుకుంటే నా పని ఇంకొకలకు పోతది" అంటోంది. నా ప్రార్థనకూ లొంగలేదు. నీ మాటే కావాలి.

ఈ ఉత్తరం తెచ్చిన ఆటో నీ గేటు దగ్గరే ఆగి ఉంది. ఇప్పుడే ఎక్కి చిక్కడపల్లిలో బీరమ్మ ఇంటికి రా. "పని నీదే" అని ఆమెకు నీ నోటితో చెప్పి, ఆసుపత్రికి తీసుకుపో.