ఆదెమ్మవ్వ ఇచ్చిన రాయి

మంగళవారం, రాత్రి

ఈ రోజు నుంచి మా యూనివర్సిటీ మొత్తం సోలార్ కరెంటుతోనే నడుస్తుంది. పొద్దున స్విచ్ వేసినారు, అందరూ చప్పట్లు కొట్టినారు. పనంతా దగ్గరుండి చూసుకున్నానని నాకు శాలువా కూడా కప్పినారు.

సాయంత్రం ప్యానెళ్ల దిక్కు పోయినాను. కంచె బయట పక్క ఊరి ఆదెమ్మవ్వ గొర్రెలతో నిలబడి ఉంది, చేతిలో ఒక గుండ్రాయి.

"ఏంది అవ్వా, ఆ రాయి దేనికి?" అన్నాను.

"ఆడ రాళ్ల కుప్ప ఉండేది గదా నాయనా. మా పెద్దోడు పిడుగు పడి ఆడనే పోయినాడు. గొర్రెలు తోలుకొని ఆ దావన ఎవరు పోయినా ఒక రాయి వేసి పోతారు, వానికి తోడుగా. ఇప్పుడు కుప్ప ఏది?"

నేల చదును చేసేటప్పుడు ఆ రాళ్లన్నీ ప్యానెళ్ల స్తంభాల గుంతల్లో వేసి కాంక్రీటు పోసినారు. ఎవరో పొలంలో ఏరి పోసిన రాళ్లే అనుకున్నాం. ఏ స్తంభం కిందకి పోయినాయో ఎవరికి తెలుసు?

"లోపలికి విసరొద్దవ్వా, అద్దాలు పగుల్తాయి" అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదా నాకు!

ఆమె తిట్టలేదు. కంచె సందులోంచి రాయి నా చేతిలో పెట్టింది.

"అయితే నువ్వే వేయి నాయనా. వాడు ఏడున్నాడో నీకు తెలుసు గదా" అని గొర్రెలను అదిలించుకుంటా పోయింది.

రాయి ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. పొద్దు గుంకి ఇంతసేపైనా, ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.