కానుగ మీద మోపిన నేరం

నాగేందర్ గారికి,

మన అపార్ట్‌మెంట్ సెక్రటరీగా గేటు ముందున్న కానుగ చెట్టును ఆదివారం కొట్టించబోతున్నారు. దానికి సాక్షిగా నన్ను వాడుకున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

నిన్న మీటింగులో మీరన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "చెట్టు గాలిని ఖరాబ్ చేస్తదని పెద్దాయననే పత్రిక ఇచ్చిండు. ఇంక పరేషాన్ ఎందుకు, కొట్టేద్దాం." నన్ను నోరు తెరవనివ్వకుండానే అందరి చేత చేతులెత్తించారు. నేనిచ్చిన పత్రిక మీరు తిరిగిచ్చాక చూశాను. అందులో చెట్ల గురించిన వ్యాసం మొదటి పేజీ నిండా మిర్చిబజ్జీల నూనె మరకలే. రెండో పేజీ మాత్రం మడత నలగలేదు.

ఆ రెండో పేజీలో ఏముందో వినండి. ఎండకు ఆకులు ఒక ఆవిరి వదులుతాయి. పొగ సోకని అడవిలో దానివల్ల ఓజోన్ పెద్దగా పుట్టదు. అదే ఆవిరి బళ్ల పొగతో కలిస్తే మన ఊపిరితిత్తులను కాల్చే ఓజోన్ తయారవుతుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ పొగకు మన కానుగను శిక్షించడం, దొంగ జొరబడ్డాడని ఇంటాయనను స్టేషనుకు ఈడ్చుకెళ్లినట్టుంది.

మళ్లీ మీటింగు పెట్టి, ఈ రెండో పేజీ కూడా చదివి వినిపించండి.

కొమ్మలు పడతాయి, ఆదివారం పొద్దున్నే కార్లు తీయండని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. ఆ నీడలో రోజూ నిలబడేది మీ కారొక్కటే. సోమవారం మధ్యాహ్నం దాన్ని ఎక్కడ పెడతారో అదీ రాయాల్సింది.

ఇట్లు,
రెండో పేజీ కూడా చదివిన మూడో అంతస్తు మనిషి