సర్పంచి గారి ఇంగ్లీషు

ఆగస్టు 4, సోమవారం

ఎంపీడీవో ఆఫీసు నుంచి ఫోను. ఢిల్లీలో మహిళా సర్పంచుల చర్చట, అన్ని రాష్ట్రాల నుంచీ వస్తారట. మన జిల్లా నుంచి సుజాత. ఒక చేత్తో ఇడ్లీ రేకు, ఒక చేత్తో ఫోను... "ఆయ్, వస్తానండి, ఆయ్."

సంతోషమే. ఎందుకుండదు, నా భార్య. సీటు మహిళకి రిజర్వయినప్పుడు ఆమె పేరు ఇచ్చింది నేను. గుమ్మం గుమ్మానికీ తిప్పింది నేను. గెలిచాక స్కూలుకి సెలవు పెట్టి మరీ పైఅధికారుల దగ్గర మాట్లాడుతున్నదీ నేనే.

చర్చ ఇంగ్లీషులో. రానివాళ్ళు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చట. ఇంకేం, నువ్వు తెలుగులో చెప్పు, పక్కన నిలబడి నేను ఇంగ్లీషు చేస్తాను, అన్నాను. సువార్త సభల్లో తెల్లదొరల పక్కన నిలబడి ఇన్నేళ్ళుగా తర్జుమా చేస్తున్నవాణ్ణి, నాకిదో లెక్కా.

"చూద్దామండి" అంది.

చూద్దామా? ఇందులో చూడ్డానికేముంది?

ఆగస్టు 6

సరే, నాలుగు ముక్కలు నేర్చుకుంటానంటే మొదటి పాఠం నేనే చెప్పాను. "రెస్పెక్టెడ్ డిగ్నిటరీస్ ఆన్ అండ్ ఆఫ్ ది డయాస్..." ముందు ఇది నోటికి రావాలి. తర్వాత ఫెడరలిజం, డీసెంట్రలైజేషన్. సోషల్ టీచర్ని కదా, ఈ మాటలు నాకు మంచినీళ్ళు తాగినట్టు.

"ఇది కాదండి. చర్చ కదా. నేను చెప్తుంటే ఎవరైనా మధ్యలో అడ్డొస్తే ఏమనాలి?"

"అంత పెద్ద సభలో ఎవరూ అడ్డురారు."

"మీరొస్తారు కదండి."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. అన్నం ముందు కూర్చునేసరికి నవ్వు పోయింది.

ఆగస్టు 9

రాజోలు శామ్యూలు దగ్గర నేర్చుకుంటోంది!

నాకు తెలియదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి వీధి అరుగు మీద ఫోను నిలబెట్టుకుని కూర్చుంది, ఫోన్లో అతని మొహం. "గుడ్, వెరీ గుడ్, సర్పంచి గారూ." నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఇద్దరం ఒకే కాలేజీ. ఇద్దరం తర్జుమా చేసేవాళ్ళమే. అమలాపురంలో పెద్ద పందిరి వేస్తే శామ్యూలు గారిని పిలవండి అంటారు. పేటల్లో రేకుల షెడ్డు కింద మీటింగైతే నన్ను. అతనికి నల్లకోటు. కోటు నాకూ ఉంది... చెమట పడుతుందని వేసుకోవడం లేదని చెప్పుకుంటాను.

"నన్నే అడగొచ్చుగా?"

"అడిగేనండి. డయాసు నేర్పేరు."

ఆగస్టు 10, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. ఆ రకం అనుమానం కాదు. ఆ రకమైతే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, అయ్యో పాపం అంటారు. భార్య ఇంగ్లీషు నేర్చుకుంటోందని కుళ్ళుకుంటున్నానంటే ఊరంతా నవ్వుతుంది.

ఆగస్టు 12

వంటింట్లో కొబ్బరి కోరుతూ వల్లెవేస్తోంది. ఐ సీ యువర్ పాయింట్, బట్... కోరు. ఐ డోంట్ ఎగ్రీ... కోరు. హూ టుక్ దట్ డెసిషన్? చిప్ప ఖాళీ. ఇవా రాజకీయాలు మాట్లాడే మాటలు? సంతలో బేరం ఆడినట్టుంది.

అకౌంటబిలిటీ అంటే ఏంటండీ అని అడిగింది. తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను, ప్రజాస్వామ్య వ్యవస్థలో పాలకులు పాలితులకు... సగంలోనే "అంటే అడిగితే జవాబు చెప్పాల్సినోడు" అంది. అంతే, కోరు మొదలు.

పిల్లలకి ఆ పాఠం ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. ఒక్కడికీ అర్థం కాలేదని ఇవాళ తెలిసింది.

ఆగస్టు 13

పాలవాడితో "విత్ డ్యూ రెస్పెక్ట్" అంది, నీళ్ళు కలిపాడని. వాడు భయపడి గరిటెడు ఎక్కువ పోశాడు.

ఆగస్టు 15

పంచాయతీ దగ్గర జెండా. ఏటా ఆమె ఎగరేస్తుంది, నేను ప్రసంగిస్తాను, "సర్పంచి గారి తరఫున" అని మొదలుపెట్టి. ఇవాళ తాడు లాగాక మైకు కోసం చెయ్యి చాచాను. మైకు ఆమె చేతిలో ఉంది.

మాట్లాడింది. తెలుగే, చిన్నదే. ఉప్పునీళ్ళ గురించి. మనుషులు చాక్లెట్లు జేబులో వేసుకుని కూడా కదలకుండా విన్నారు. నా ప్రసంగానికి చాక్లెట్లు ముందే పంచేసేవాళ్ళు, తర్వాతైతే ఎవరూ ఉండరని.

కార్యదర్శి నా చెవిలో "మేడం గారు భలే మాట్లాడుతున్నారండి, మీ ట్రైనింగేనా?"

ఆయ్ అన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

రాయబుద్ధి కావడం లేదు. రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

ఢిల్లీ చర్చ పెట్టేవాళ్ళు ఇద్దరు ముందుగా ఊరు చూడ్డానికి వచ్చారు. ఒకాయన, ఒకావిడ. పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేశాం, కొబ్బరిబొండాలు కొట్టించాం. ఆమె పక్కన నేను. ఎప్పట్లాగే.

ఆమె చెప్పింది: "మా పేటలో బోర్లన్నీ ఉప్పైపోయేయండి. పక్కన రొయ్యల చెరువులు తవ్వినప్పట్నించీ. వద్దని గ్రామసభలో తీర్మానం చేసేం. ఎవరూ పట్టించుకోలేదు."

నేను చెప్పాను: "సర్, దేర్ ఈజ్ సమ్ స్మాల్ వాటర్ డిఫికల్టీ. బై ది కైండ్‌నెస్ ఆఫ్ ది గవర్నమెంట్, ఇట్ ఈజ్ బీయింగ్ సాల్వ్‌డ్. మేడం ఈజ్ వెరీ గ్రేట్‌ఫుల్." ఇంకో రెండు ముక్కలు కూడా కలిపాను, మా ఊరి మర్యాద గురించి. ఆయన తలూపి రాసుకుంటున్నాడు.

"సారీ. లెట్ మీ ఫినిష్."

సుజాత అంటున్నది ఆయన్ని అనుకున్నాను. కాదు, నన్ను.

"దట్ ఈజ్ నాట్ వాట్ ఐ సెడ్. వాటర్ ఈజ్ సాల్ట్. ప్రాన్ పాండ్స్. వీ సెడ్ నో. నోబడీ లిసెన్డ్."

ఆయన రాసింది కొట్టేశాడు. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని తిన్నగా సుజాతనే అడగడం మొదలుపెట్టింది. ఎన్ని చెరువులు, ఎవరు అనుమతిచ్చారు. సుజాత తడుముకుంటోంది, ఆగుతోంది, వేళ్ళతో చూపిస్తోంది, మళ్ళీ చెబుతోంది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే మాట అందిద్దామని ఎదురుచూశాను. బొండాం చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆగస్టు 20

మాటల్లేవు. కంచంలో మెత్తళ్ళ ఇగురు మాత్రం ఎప్పట్లాగే ఎక్కువ వేసింది. అదింకా కష్టంగా ఉంది.

చివరికి నేనే మొదలుపెట్టాను. మీటింగుల్లో పద్ధతి అదే. దొర రెండు ముక్కలంటాడు, తర్జుమా చేసేవాడు దానికి ఉప్పూకారం కలిపి అయిదు చేస్తాడు, జనం ఆమెన్ అంటారు. ఎక్కడా ఎవరూ తప్పు పట్టరు. పైవాళ్ళ ముందు మాట కాస్త మెత్తగా ఉండాలి కదా, చెరువులవాళ్ళతో రేపు మనమే కదా బతకాలి...

"దేవుడి మాటకి కలిపితే దేవుడు ఊరుకున్నాడేమోనండి. నేను ఊరుకోలేను."

తర్వాత, గిన్నెలు సర్దుతూ, నెమ్మదిగా: "కలెక్టరు గారొచ్చినప్పుడూ ఇలాగే చెప్పేరా? కేంద్రం వాళ్ళొచ్చినప్పుడూ?"

జవాబు చెప్పాల్సినవాణ్ణి. లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆగస్టు 21

నలుగురిలో పరువు పోయిందని కాదు. పోయింది, అది వేరే సంగతి. నన్ను తినేస్తున్నది ఆ చివరి ముక్క. నోబడీ లిసెన్డ్. అంతే. నా జన్మలో అలాంటి వాక్యం ఒక్కటి చెప్పలేదు. నా ఇంగ్లీషంతా ఇంకొకళ్ళ నోటి నుంచి రావాలి ముందు, అప్పుడే నేను ఎత్తుకోగలను. ఆమె ఇంగ్లీషు వయసు మూడు వారాలు కూడా లేదు, అందులో ఆమె ఉంది.

కుళ్ళు. వేరే మాట వెతకను.

ఆగస్టు 22

శామ్యూలు ఫోను చేశాడు, నాకే. "మాస్టారూ, మీ ఆవిడగారి లాంటి స్టూడెంటు నాకు దొరకలేదండి." అభినందనలట. థాంక్స్ చెప్పాను. ఫోను పెట్టేశాక బీరువాలో కోటు తీసి చూశాను. చంకలో చెదలు.

ఆగస్టు 24, ఆదివారం

మందిరంలో ఎవరో దొరగారు. తర్జుమా నాదే. ఆడవాళ్ళ వైపు చాపల మీద ముందు వరసలో సుజాత, బైబిలు ఒళ్ళో పెట్టుకుని.

దొర ఒక వాక్యం అన్నాడు. నేను నోరు తెరిచి ఆమె వైపు చూశాను. కలపలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తర్వాతదీ అంతే. ఇన్నేళ్ళలో ఆ గుంపులో దొర మాట తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, ఇవాళ ఒకామె ఉంది, రెండు చెవులా వింటోంది. ఎప్పుడూ పొడుగ్గా సాగే ప్రసంగం తొందరగా తేలిపోయింది. ఆమెన్లు కూడా పల్చగా వచ్చాయి.

బయట పెద్దలు: "ఒంట్లో బాలేదా మాస్టారూ? ఇవాళ చప్పగా ఉందండి." పాస్టరు గారు కూడా భుజం తట్టారు, విశ్రాంతి తీసుకోండి అని.

బండి మీద వెనక కూర్చుని వస్తూ సుజాత అంది: "ఆయన క్షమించమని రెండుసార్లన్నారండి. మీరు ఒకసారే చెప్పేరు."

బండి గోతిలో వేశాను. కావాలని కాదు.

ఆగస్టు 26

ఢిల్లీకి తోడు ఎవరొస్తున్నారో రేపు చెప్పాలట, టిక్కెట్లు తీస్తారు.

సాయంత్రం అరుగు మీద ఉల్లిపాయలు వలుస్తూ అడిగింది. ఫోను పక్కన పెట్టేసి, నావైపు తిరిగి. "మీరొస్తారా?"

"తర్జుమాకా?"

"కాదండి. నేను మాట్లాడతాను. వచ్చినంతే వస్తది. అంతమంది కొత్తవాళ్ళ మధ్యన... మీరు పక్కనుంటే నాకు ధైర్యం."

పక్కనుంటే. అంటే రోజంతా ఆ హాల్లో నోరు మూసుకుని కూర్చోవాలి. ఆమె తడబడిన ప్రతిచోటా నా నాలుక దురద పెడుతుంది. తడబడకపోతే ఇంకా నయమా? చప్పట్లు కొడతారు, నేనూ కొట్టాలి, అందరికంటే ముందు కొట్టాలి.

"సెలవు దొరకాలి కదా" అన్నాను.

"ఆయ్. మరైతే కనుక్కుని చెప్పండి." ఉల్లిపాయలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరు గారు సెలవు పొద్దున్నే ఇచ్చేశారు. మేడం గారిని జాగ్రత్తగా తీసుకెళ్ళండి మాస్టారూ అని కూడా అన్నారు.

లోపల పోపు వాసన. పాఠం వేళకి శామ్యూలు నుంచి ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది, ఆమె తియ్యలేదు. నేను చెప్పేదాకా తియ్యదేమో... వెళ్ళి చెప్పాలి. రాయడం ఆపితే వెళ్ళాలి.