అల్లిక గుడ్డ తప్పు కాదు

నీష్, గురువారం

దెసాంక అత్తయ్యా,

మన భవనం కింది గదిలో అందరం కలిసి బిగించుకున్న కంప్యూటరును కాల్చేసింది నేను, మీరు కాదు.

కంప్యూటరు వేడెక్కకూడదని నేను కిటికీలు తెరవబోతే, "రెండు కిటికీలూ తెరిస్తే గాలి కొట్టి మెడ పట్టేస్తుందిరా! నీ కరపత్రాలు వచ్చి కాపడం పెడతాయా?" అని మీరంటే, మూఢనమ్మకమని ఎగతాళి చేశాను. కంప్యూటరు మాడిపోగానే, మీరు దాని పైన కప్పిన అల్లిక గుడ్డ వల్లేనని 'దెసాంక ప్రగతికి శత్రువు' అంటూ వాకిలి తలుపుకు కాగితం అంటించాను. మీరు కిందికి రావడమే మానేశారు.

నిన్న విప్పి చూశాను. పైభాగాన అసలు రంధ్రాలే లేవు. దాని ఫ్యాను రొదలో రేడియో వినబడడం లేదని మీరన్నారని, వేడి బయటికి పోయే వెనక రంధ్రాలను స్పాంజితో మూసింది నేనే. స్పాంజిలోంచి గాలి పోతుందని ఏదో కరపత్రంలో చదివి నమ్మాను.

అందరూ చూస్తుండగా అంటించిన కాగితాన్ని అందరి ముందే చింపాలి. రేపు సాయంత్రం ఆరింటికి వాకిలి దగ్గరికి అన్ని ఇళ్లవాళ్లనూ పిలిచాను. మీరూ రండి.